మధ్యదారిలో ఆగే రైలు గారికి

మహారాజశ్రీ బ్రెడ్‌బోర్డు పవర్ రైలు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. అలవాటు కొద్దీ అలా రాశాను కానీ, మీ విషయంలో ఉభయకుశలం ఎక్కడిది? మీ ఎడమ సగం క్షేమం, అయిదు వోల్టులతో నిండుగా ఉంది. కుడి సగం సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్లు కట్టుకునే రంధ్రాల పలక బ్రెడ్‌బోర్డు; దాని అంచు పొడవునా కరెంటు పంచే రంధ్రాల వరుస మీరు. రైలు అని పేరు పెట్టుకున్నారు కదా, ఎక్కిన విద్యుత్తును చివరి స్టేషను దాకా చేరుస్తారనుకున్నాను. మొత్తం 50 రంధ్రాల ప్రయాణం. 25వ రంధ్రం తర్వాత పట్టాలే లేవని ఒక్క మాట చెప్పి ఉంటే అక్కడే దిగి నడిచి వెళ్ళేవాణ్ణి.

నా వెంట గీసిన ఎర్రగీతలో మధ్యన సందు వదిలాను కదా అంటారు. వదిలారు, గోరంత. అచ్చు చెదిరిందనుకున్నాను. అనుకోక ఏం చేయను? అయిదేసి రంధ్రాలకొక ఖాళీ వదలడం మీకు ముందునుంచీ ఉన్న అలవాటే. పది గుంపులు, తొమ్మిది ఖాళీలు. వాటిలో ఎనిమిదింటికి ఏ అర్థమూ లేదు, అడుగున లోహపు పట్టీ ఏకధాటిగా సాగిపోతుంది. అయిదో ఖాళీ దగ్గర మాత్రం పుటుక్కున తెగుతుంది. ‘నాన్నా పులి’ కథ చిన్నప్పుడు నేనూ విన్నాను. పులి సరిగ్గా మధ్యలో వచ్చి, ఆ తర్వాత మళ్ళీ నాలుగుసార్లు ఉత్తుత్తి కేకలు వినిపిస్తాయని ఎవరూ చెప్పలేదు.

పోనీ గీతను చూసి జాగ్రత్త పడదామా అంటే, మీ అన్నదమ్ముల్లో కొందరికి గీత నిండుగా ఉండి లోపల పట్టీ తెగి ఉంటుంది. కొందరికి రెండూ నిండుగానే ఉంటాయి. ఎవరు ఏ రకమో ముఖం చూసి చెప్పలేం.

ఇక అసలు గొడవకు వస్తాను. కుడి సగంలో 74హెచ్‌సీ595 అనే షిఫ్ట్ రిజిస్టర్ చిప్పు (ఒక్కొక్కటిగా వచ్చే సంకేతాలను ఎనిమిది దారులకు పంచేది), దానికి ఎనిమిది ఎల్‌ఈడీలు పెట్టాను. కరెంటు తిరిగి వెళ్ళే గ్రౌండు తీగను, నా ప్రోగ్రామును నడిపే బుల్లి కంప్యూటరైన మైక్రోకంట్రోలర్ నుంచి నేరుగా లాగాను. కరెంటు తెచ్చే ఎర్ర తీగను మాత్రం మిమ్మల్ని నమ్మి మీ దగ్గరే గుచ్చాను. దీపాలు అసలు వెలగకపోయి ఉంటే అయిదు నిమిషాల్లో పట్టుకునేవాణ్ణి. కానీ వెలిగాయి! మసకగా, ఆయాసపడుతూ, ఒక్కోసారి ఒకటికి బదులు మరొకటి. తప్పు నా ప్రోగ్రాములోనే ఉందనుకుని రాత్రి పదకొండు దాకా తిరగరాశాను. రెసిస్టర్లు మార్చాను. ఏ పాపమూ ఎరుగని చిప్పును పీకి కొత్తది పెట్టాను, అదీ అంతే. చివరికి మల్టీమీటరు మొనను, చిప్పుకు కరెంటు అందాల్సిన 16వ పిన్నుకు ఆనిస్తే 4.1 వోల్టులు చూపింది. సున్నా అయినా కాదు మహాప్రభో! ‘కొంచెం తగ్గింది, పరవాలేదు’ అని సరిపెట్టుకుని ఇంకో గంట పోగొట్టుకున్నాను.

తర్వాత తెలిసింది. మైక్రోకంట్రోలర్ పంపే సంకేతాలే ఇన్‌పుట్ పిన్నుల దగ్గర కాపలా ఉండే డయోడ్ల (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) గుండా దూరి ఆ చిప్పును బతికిస్తున్నాయి. సంకేతం అయిదు వోల్టుల దగ్గర ఉన్నంతసేపు ఊపిరి, సున్నాకు పడితే ఎగశ్వాస. మీరు జీతం ఇవ్వకపోతే పాపం అది ఉత్తరాలు తెచ్చేవాడి జేబులోంచి చిల్లర తీసుకుని సంసారం నెట్టుకొచ్చింది. దాన్నే నేను పనికిరానిదని చెత్తబుట్టలో వేశాను.

ఒక సగానికి 5, ఇంకో సగానికి 3.3 వోల్టులు ఇచ్చుకునే వీలు కోసమే ఈ విభజన అని మీ తరఫువారు వాదిస్తారు. వాదన సబబే. ఆస్తి పంపకాలు జరిగాయని ఊళ్ళో నలుగురికీ తెలియాలి కదా మరి. పలక పై అంచున ఉన్న రైళ్ళ జతకూ కింది అంచున ఉన్న జతకూ చుట్టరికమే లేదన్న సంగతి కూడా నాకు ఇలాగే, దెబ్బ తిన్నాకే తెలిసింది.

మీ పూర్వీకులు నిజంగానే రొట్టె కోసుకునే చెక్కలు. వాటిమీద మేకులు కొట్టి తీగలు చుట్టేవారు. 1971లో రోనాల్డ్ పోర్చుగల్ మీ ఈ తెల్ల ప్లాస్టిక్ రూపానికి పేటెంటు దరఖాస్తు పెట్టుకున్నారు, మేకులు పోయాయి. టంకం అవసరం లేకుండా పోయిందన్న సంతోషం నాకూ ఉంది. కానీ మేకు కంటికి కనబడేది. ఎక్కడ తీగ తెగిందో చెక్కను చూస్తేనే తెలిసేది.

ప్రస్తుతానికి మీ నడుము దగ్గర ఎర్రదొకటి, నల్లదొకటి జంపర్లు (రెండు సగాలను కలిపే తీగముక్కలు) అడ్డంగా గుచ్చాను. ఇక అవి అక్కడే ఉంటాయి. ఎవరు తీయమన్నా తీసేది లేదు.

ఇట్లు,
మీ కుడి సగంలో ఒక రాత్రి పోగొట్టుకున్నవాడు

తా.క. ఈ ఉదయం కుడి సగానికి 3.3 వోల్టులు ఇచ్చి ఒక సెన్సర్ పెట్టాను. అటు సగంలోని 5 వోల్టులను ఇటు దాటించే ఎర్ర జంపర్ మధ్యలో ఉందని గుర్తొచ్చేసరికి సెన్సర్ మీద వేలు పెట్టలేనంత వేడి.