జనం కాస్త పక్కకు తప్పుకుంటే విప్లవం కానిద్దాం

కాలమే అసలైన న్యాయమూర్తి అని పెద్దలు అంటారు గానీ, వీడియో గేముల విషయంలో ఆ న్యాయమూర్తి తీర్పు చెప్పే ముందు ఒక కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుంటాడన్న సంగతిని మాత్రం చెప్పరు. 2014 నవంబరులో, ఫ్రెంచి విప్లవకాలపు పారిస్‌లో రహస్య హంతకుల సంఘం సభ్యుడిగా తిరిగే ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ విడుదలైనప్పుడు దాన్ని తిట్టనివాడు పాపాత్ముడన్నట్టుగా ఉండేది. నేడు అదే ఆటను తిరిగి ఆడుతున్నవారు, ఆ వరుసలో ఇంత అందమైన నగరం మరొకటి రాలేదని, ఇన్నాళ్లూ రత్నాన్ని పట్టుకుని గులకరాయి అన్నామని నిట్టూరుస్తున్నారు. ఈ మధ్యకాలంలో ఆటకు జరిగినవి కొన్ని మరమ్మతులే. ఎక్కువగా మారినవి మన యంత్రాలు, ఆ తర్వాత వచ్చిన ఆటలను చూసి మనం తగ్గించుకున్న ఆశలు. అయినప్పటికీ పునర్విచారణ అంటూ మొదలయ్యాక దాన్ని సక్రమంగా నిర్వహించడం బాధ్యతగల వ్యాసకర్త ధర్మం గనుక, ఆటను తయారుచేసిన యూబిసాఫ్ట్ వారి పారిస్‌లోకి మళ్లీ అడుగుపెట్టి, ఫ్రెంచి విప్లవాన్ని ఆసాంతం పైకప్పుల మీదుగా పరిశీలించి, ఈ నిర్ధారణకు రావడమైనది: విప్లవం చాలా బాగుంది, జనం లేకపోతే ఇంకా బాగుండేది.

తొందరపడి అంటున్న మాట అనుకోకండి. విడుదలకు ముందు ఈ ఆట గురించి ఘనంగా చాటిన విశేషాల్లో ముఖ్యమైనది, ఒకే కూడలిలో వేలాది పౌరులను ఒకేసారి తెరమీద నిలబెట్టడం. నిలబెట్టారు కూడా. వారు పిడికిళ్లు ఎత్తుతారు, జెండాలు ఊపుతారు, నినాదాలు ఇస్తారు. చాలాసేపటి తర్వాత తిరిగివచ్చి చూసినా అదే నినాదాన్ని అదే ఉత్సాహంతో ఇస్తూ ఉంటారు. వారి వల్ల కానిది ఒక్కటే, ఏదైనా జరగడం. చరిత్రలో రాజును గద్దె దింపిన ఆ సమూహం, ఇక్కడ కథానాయకుడు ఆర్నో డోరియన్ మోచేతులతో తొలగించుకుంటూ వెళ్లవలసిన పొదలాంటిది. పైగా అప్పటి కన్సోళ్లు ఇంతమందిని మోయలేక మొరాయించేవి. బొమ్మ ఆగి ఆగి కదిలేది. జనం ఒకచోట మరీ ఎక్కువగా గుమిగూడితే వ్యవస్థ కుప్పకూలుతుందన్న సత్యం పదహారో లూయీకి 1789లోను, ఈ ఆట తయారీదారులకు 2014లోను బోధపడింది.

ఆ రోజుల్లో లోకమంతా పంచుకుని నవ్వుకున్న చిత్రం ఒకటుంది. పాత్రకు ముఖచర్మం రాలేదు; గాలిలో రెండు కనుగుడ్లు, ఒక పళ్ల వరుస, వాటిపైన ఎంతో శ్రద్ధగా దువ్విన జుట్టు మాత్రం వచ్చాయి. కొందరు ఆటగాళ్లు నడుస్తూ నడుస్తూ వీధిలోంచి పాతాళానికి జారిపోయారు. విడుదల రోజు మధ్యాహ్నం దాకా సమీక్షలు ప్రచురించకూడదని విమర్శకులకు నిబంధన ఉండటం వల్ల, అర్ధరాత్రే కొన్నవారికి ఈ పాతాళయాత్ర ఎవరి హెచ్చరికా లేకుండా స్వచ్ఛంగా దక్కింది. నవంబరు ముగిసేలోగా స్టూడియో అధిపతి యానిస్ మలా బహిరంగంగా క్షమాపణ చెప్పారు, రాబోయే అనుబంధాలకు ముందే డబ్బు కట్టించుకునే సీజన్ పాస్ అమ్మకం ఆపేశారు, ‘డెడ్ కింగ్స్’ అనే అనుబంధ కథను ఉచితంగా ఇచ్చారు. ముఖం లేని పౌరుడిని అప్పట్లో అందరూ సాంకేతిక లోపమనే నమ్మారు. ఇప్పుడా ముఖాలన్నీ యథాస్థానాలకు చేరుకున్నాయి. అయినా వారిలో ఒక్కరి పేరూ మనకు తెలియదు, ఒక్కరి గోడూ మన చెవిన పడదు. మరమ్మతు చర్మం వరకే జరిగినట్టుంది.

బాస్టీల్ ఘట్టం ఈ సిద్ధాంతానికి పరాకాష్ఠ. 1789 జులై 14న ఆ కోటను జనం పట్టుకున్నప్పుడు లోపల ఉన్న ఖైదీలు ఏడుగురే: నలుగురు ఫోర్జరీ చేసినవారు, ఇద్దరు మతిస్థిమితం లేనివారు, సొంత కుటుంబమే బంధింపజేసిన కులీనుడు ఒకడు. నిరంకుశత్వానికి ప్రతీక అనుకున్న కారాగారంలో ఇంత తక్కువమంది ఉండటం విప్లవ పక్షపాతులకు ఎప్పుడూ కాస్త ఇబ్బందే. ఆట ఆ లోటును ఉదారంగా పూడ్చింది. ఆర్నో, అతనికి గురువు కాబోయే బెలెక్ ఆ రోజు లోపలే ఉన్నారట. బయట ముట్టడి చేస్తున్నవారిలో వందమంది దాకా తూటాలకు నేలకొరుగుతున్న వేళ, వీరు గోడలెక్కి కోట పైనుంచి తమ దారిన తాము బయటపడ్డారట. దీన్నిబట్టి ఆ ముట్టడి ఎందుకు జరిగిందో మనకు స్పష్టమవుతుంది: ఇద్దరు ముఖ్యమైన వ్యక్తులు పారిపోవడానికి తగినంత చప్పుడు కావలసి వచ్చింది. (అంతకు పది రోజుల ముందు దాకా అదే కోటలో ఉన్న అశ్లీల రచయిత మార్కీ ద సాద్‌కు కూడా ఆటలో అన్యాయం జరగలేదు; ఆయనను తర్వాత బిచ్చగాళ్ల రాజుగా నియమించారు.)

ఒక్కసారి ఈ దారిన పడ్డాక చరిత్ర ఎంత తేలికవుతుందో చూడండి. 1791 ఏప్రిల్‌లో విప్లవ నాయకుడు మిరాబో జబ్బుచేసి పోయాడని పుస్తకాలు చెబుతాయి. ఆటలో బెలెక్ విషం పెట్టాడు. రాజు మరణశిక్షకు ఓటు వేసినందుకు ప్రజాప్రతినిధి లెపెలెతియేను 1793 జనవరి 20న ఒక మాజీ రాజరక్షకుడు పాలె రోయాల్‌లోని భోజనశాలలో పొడిచాడు. ఆ గౌరవాన్ని కూడా ఆర్నోయే స్వీకరించాడు. 1794 జులైలో, ఉగ్రపాలన నడిపిన రోబెస్పియర్ దవడను తూటా ఛిద్రం చేసింది. తనను తాను కాల్చుకున్నాడా, సైనికుడు కాల్చాడా అని చరిత్రకారులు తరతరాలుగా వాదించుకున్నారు. కథానాయిక ఎలీజ్ ఆ వివాదాన్ని ఒక్క దెబ్బతో పరిష్కరించి, నోట మాట రాని ఆ నాయకుడి చేతికి సమాధానం రాసేందుకు కాగితం కూడా అందించింది. ఇక ఈ కుట్రలన్నిటికీ మూలపురుషుడైన ప్రతినాయకుడు ఫ్రాన్సువా తొమా జెర్మె నిజంగానే ఉన్న వెండిపనివాడు. ఐరోపా రాజసభలకు పాత్రలు చేసిచ్చిన ఆ పెద్దమనిషి 1791లోనే కాలం చేశాడు. చచ్చిపోయాక మూడేళ్లపాటు ఒక విప్లవాన్ని నడిపించడం మామూలు పట్టుదల కాదు.

ఆకలి మాటేమిటని అడిగేవారు ఉంటారు. 1788 జులైలో పడిన భయంకరమైన వడగళ్ల వాన, దెబ్బతిన్న పంట, ఖజానా నెత్తిన కూర్చున్న అప్పు, పేదవాడి సంపాదనను మింగేసిన రొట్టె ధర, ఇవన్నీ పాఠ్యపుస్తకాలు చెప్పే కారణాలు. వానను వెనకనుంచి వెళ్లి పొడవలేం; అప్పుకు గొంతు ఉండదు. అందువల్ల ఆటలో ధాన్యాన్ని దాచిపెట్టించిన ఒక మహిళను సృష్టించి, ఆర్నో చేత ఆమెను చంపించి, కరువును ఆ మిషన్‌తో ముగించారు. ధాన్యాన్ని ఎవరో కుట్రపన్ని దాచారన్న వదంతి పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో నిజంగానే గట్టిగా ఉండేది. ఆనాటి జనానికి ఈ ఆట చేసిన ఏకైక న్యాయం బహుశా అదే: వారి వదంతులను మాత్రం పూర్తిగా నమ్మింది.

ఆట వచ్చిన కొత్తలో ఫ్రాన్సు వామపక్ష నాయకుడు జాన్ లూక్ మెలాన్షోన్, ఇది విప్లవంపై దుష్ప్రచారమని, జనాన్ని రక్తపిపాసులుగాను రోబెస్పియర్‌ను రాక్షసుడిగాను చూపిందని ఆగ్రహించారు. ఆటలు ఆడే లోకం ఆయనను చూసి నవ్వింది. తిరిగి ఆడాక అనిపించేదేమంటే, ఆయన కోపం సబబే గాని ఆయనకు ఆటపై గౌరవం మరీ ఎక్కువ. దుష్ప్రచారం చేయాలంటే ఎదుటివాడిని పట్టించుకోవాలి. ఈ ఆటకు రాచరికంపై ప్రేమ లేదు, ప్రజలపై ద్వేషం లేదు. వెంబడించే మనిషి దాక్కోవడానికి వీధిలో ఎవరో ఒకరు నిలబడి ఉంటే చాలన్నదే దాని రాజకీయ దృక్పథం.

మహిళల సంగతి మరింత శ్రద్ధగా పరిశీలించవలసినది. 2014 జూన్‌లో, కలిసి ఆడే మిషన్లలో స్త్రీ పాత్రగా ఆడే వీలెందుకు లేదని అడిగితే, ఆ కదలికలు, ఆ దుస్తులు అన్నీ మళ్లీ తయారుచేయాలి, పని చాలా పెరుగుతుందని తయారీదారులు సెలవిచ్చారు. ఆ కష్టాన్ని సానుభూతితో అర్థం చేసుకుందాం. అయితే ఆ విప్లవంలో అందరికంటే పేరు మోసిన హంతకుడు ఎవరయ్యా అని చూస్తే, 1793 జులై 13న వంటింటి కత్తితో విప్లవ పత్రికా రచయిత మరాను స్నానపు తొట్టిలో పొడిచిన ఇరవై నాలుగేళ్ల షార్లోట్ కోర్డే ఎదురవుతుంది. హంతకుల గురించి తీసిన ఆటలో అసలైన హంతకురాలికి దక్కిన స్థానం, ఆర్నో పరిశోధించే హత్యకేసుల్లో ముద్దాయి స్థానం. 1789 అక్టోబరు 5న పారిస్ స్త్రీలు రొట్టె కోసం రాజు కొలువున్న వెర్సాయికి నడిచివెళ్లి రాజకుటుంబాన్ని వెంటబెట్టుకు తెచ్చిన ఘట్టం కూడా అలా కలిసి ఆడే మిషన్‌గా ఉంది. దానికి కాపలాగా ముసుగు మగవాళ్లు వెళతారు. ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడేవారిలో ప్రతి ఒక్కరి తెరపైనా తానే ఆర్నో, మిగిలినవారు ఎవరో అనుచరులు. సమానత్వం అన్న ఆశయానికి సాంకేతికంగా ఇంతకంటే సులువైన పరిష్కారం ఉండదు.

సమానత్వం ప్రస్తావన వచ్చింది గనుక పెట్టెల గురించి కూడా చెప్పుకోవాలి. ఈ పారిస్ నిండా నిధిపెట్టెలు ఉన్నాయి, వాటిలో వర్ణవ్యవస్థ కూడా ఉంది. కొన్ని ఎవరు ముట్టినా తెరుచుకునేవి. కొన్నింటికి తాళం విప్పే నేర్పు కావాలి. మరికొన్ని, ఫోనులో ఒక యాప్ పెట్టుకుని అందులో వేరే పనులు చేసినవారికే దక్కేవి. ఇంకొన్నింటికి సంస్థవారి మరో ఆన్‌లైన్ సేవలో సభ్యుడై ఉండవలసి వచ్చేది. పుట్టుకతో వచ్చే హక్కులను రద్దుచేస్తూ 1789 ఆగస్టులో జాతీయసభ తీర్మానించిన దేశపు రాజధానిలోనే ఇదంతా జరిగింది. పైగా ఓపిక లేనివారు నిజమైన డబ్బుతో ఆటలోని నాణేలను కొనుక్కునే సౌకర్యమూ ఉండేది. తరువాత వచ్చిన ప్యాచ్‌లు, అంటే మరమ్మతులు, యాప్ నిబంధనను ఎత్తివేశాయి. నేడు ఆ పెట్టెలు అందరికీ తెరుచుకుంటున్నాయి. విప్లవం మొత్తంలో ప్రజాగ్రహం వల్ల నిజంగా మారిన అంశం ఇదొక్కటే గనుక దీన్ని చరిత్రలో నమోదు చేయాలి.

మన కథానాయకుడి జీవనాధారం సంగతి కూడా చెప్పకపోతే వ్యాసం అసంపూర్ణమవుతుంది. ఆయనకు సెయింట్ లూయీ దీవిలో ఒక కెఫే ఉంది. దానికి మరమ్మతులు చేయిస్తే, తలనరికే యంత్రం గిలటిన్ కింద తలలు ఎన్ని రాలుతున్నా, ఆదాయం మాత్రం క్రమం తప్పకుండా వచ్చి పెట్టెలో పడుతుంది. ఉగ్రపాలన కాలంలో ఇంత స్థిరమైన వ్యాపారం నడిపినందుకు ఆర్నోకు హంతకుల సంఘంలో కంటే వర్తకసంఘంలో పెద్దపీట వేయడం న్యాయం.

ఇంతగా ఎత్తిపొడిచాక రాళ్ల దగ్గర మాత్రం తలవంచక తప్పదు. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఒక కళాకారిణి ఏడాదికి పైగా చెక్కినట్టు మలిచారు, అది కనిపిస్తుంది కూడా. సాయంత్రపు ఎండలో ఆ గోడలు ఎక్కి, అక్కడినుంచి పైకప్పుల మీదుగా మెట్టుమెట్టుగా దిగుతుంటే, దిగడాన్ని ఇంత అందంగా చూపిన ఆట ఈ వరుసలో తర్వాత కూడా రాలేదన్న మాట ఒప్పుకోవాలి. ఆ పైన ఉన్న శిఖరం పందొమ్మిదో శతాబ్దంలో వాస్తుశిల్పి వియొలె ల దూక్ కట్టించినది. విప్లవకాలంలో అది లేదు. అందానికి అంతమాత్రం అరవై ఏళ్ల అడ్వాన్సు ఇవ్వవచ్చు. నిజమైన జనం మాత్రం 1793లో ఆ ముఖద్వారంపై ఉన్న ఇరవై ఎనిమిది రాజవిగ్రహాలను, ఫ్రాన్సు రాజులనుకుని కూలదోశారు. అవి బైబిల్లోని యూదా రాజులవి. వాటిలో ఇరవై ఒక్క తలలు 1977లో తవ్వకాల్లో బయటపడి ఇప్పుడు క్లూనీ మ్యూజియంలో ఉన్నాయి. జనానికి స్వేచ్ఛనిస్తే పొరపాట్లు కూడా చేస్తారు. ఆటలోని జనం ఒక్క పొరపాటూ చేయరు.

2019 ఏప్రిల్ 15న ఆ ఆలయం మంటల్లో చిక్కుకుని శిఖరం కూలినప్పుడు, యూబిసాఫ్ట్ పునరుద్ధరణకు 5 లక్షల యూరోలు ప్రకటించి, కంప్యూటర్‌పై ఆటను వారంపాటు ఉచితంగా ఇచ్చింది. ఆటలోని నమూనాతోనే ఆలయాన్ని తిరిగి కడతారని ఒక ప్రచారం మొదలైంది. కళాచరిత్రకారుడు ఆండ్రూ టాలన్ అంతకు కొన్నేళ్ల ముందే లేజర్‌తో తీసిపెట్టిన అసలు కొలతలు ఉన్నాయన్న సంగతి ఆ ఉత్సాహానికి అడ్డురాలేదు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అంగడిలో మెచ్చుకోలు సమీక్షలు వెల్లువెత్తాయి. ఆట దోషాలన్నీ అంతకు దాదాపు అయిదేళ్ల ముందే డబ్బు పెట్టి కొన్నవారు అనుభవించి తీర్చేశారు. ఆ తపఃఫలం మాత్రం ఓపిక పట్టినవారికి దక్కింది.

అసలు నోత్రదామ్ 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకుంది. లోపలికి ప్రవేశం ఉచితం. యాప్ లేకపోయినా రానిస్తారు. అయితే ఆటలో ఆరితేరి అక్కడికి వెళ్లేవారికి ఒక హెచ్చరిక అవసరం. వరుసలు పొడవుగా ఉంటాయి, అక్కడ నిలబడ్డవారికి తలా ఒక పేరు, ఒక తొందర ఉంటాయి, మోచేతితో నెడితే వారు పక్కకు తొలగకపోగా తిరిగి నెడతారు. ఆ సదుపాయాన్ని ‘యూనిటీ’లోకి ఏ ప్యాచూ ఇంకా తేలేదు.