అటక కాపలాదారు కేస్వాప్‌డీ-జీరో గారికి

మ.రా.రా.శ్రీ కేస్వాప్‌డీ-జీరో గారి సముఖమునకు,

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కర్నెల్ గడప దాటకుండా, ర్యామ్‌లో చోటు తగ్గినప్పుడల్లా నిద్ర లేచి, చాలాసేపుగా ఎవరూ తాకని పేజీలనే మెమరీ ముక్కలను నాలుగేసి కేబీల మూటలుగా ర్యామ్‌కు ఆసరాగా ఉండే స్వాప్ అనే అటక మీదికి చేర్చి, చోటు కుదరగానే మళ్లీ పడుకునే తమకు నేను ఇంతవరకు ఒక్క ఉత్తరమైనా రాయలేదు. కర్నెల్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాటి నుంచి మాత్రం తమను తిట్టని పూట లేదు.

ఆ ఉదయం బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ నుంచి మరో ట్యాబ్‌కు మారగానే తెర తెల్లబోయింది, పెట్టె లోపల హార్డ్ డిస్కు పేలాలు వేయించినట్టు చిటపటలాడింది. నడుస్తున్న పనుల జాబితా చూపే టాప్ తెరిచి చూడగా పై వరసల్లోనే తమ నామధేయం, స్థితి గడిలో 'డీ' అనే అక్షరం కనిపించాయి. డిస్కు బదులిచ్చేదాకా ఎవరు పిలిచినా పలకనని దాని భావం. కర్నెల్ థ్రెడ్లు సిగ్నళ్లను లెక్కచేయవని తెలిసి కూడా ఉక్రోషం కొద్దీ పనులను బలవంతంగా ఆపించే కిల్ మైనస్ నైన్ సిగ్నల్ ప్రయోగించాను. తమకు చీమ కుట్టినట్టయినా లేదు.

పాత కర్నెల్‌తో బూట్ చేస్తే అంతా సవ్యంగా నడిచింది కనుక నేరం రుజువైనట్టే అనుకున్నాను. స్థిరమైనదని చెప్పుకున్న 2.4 శ్రేణి నడుమ, 2001లో, 2.4.10 రాగానే మెమరీ నిర్వహణను పీకి కొత్తది పెట్టిన వంశం కదా తమది! ఒక్కో విడుదలలో పదివేలకు పైగా మార్పులు చేరినా, సగానికి సగం కోసుకుంటూ పోతే పద్నాలుగు కంపైళ్లలో దోషి దొరుకుతాడని లెక్క కట్టి, బైసెక్టు అనే ఆ వెతుకులాటకు ముహూర్తం కూడా పెట్టుకున్నాను.

అంతకుముందు చూడవలసినవి చూడకపోవడం నా ఘనత. మెమరీ వాడకం లెక్క చెప్పే ఫ్రీ ఆదేశం స్వాప్‌లో 3 జీబీ ఉందని చెప్పింది గాని, అటక మీద సామాను ఉండటం తప్పు కాదు. ఎక్కించిన బిందెనే గంటకు పదిసార్లు దించుకోవలసి రావడం తప్పు. వీఎంస్టాట్‌ను సెకనుకొకసారి నడిపిస్తే ఎస్‌ఐ, ఎస్‌ఓ గడులు (అటక నుంచి దించినదీ, అటక ఎక్కించినదీ) రెండూ వేలల్లో ఊగుతూ ఒక్కసారైనా సున్నాకు దిగలేదు. కర్నెల్ తన స్థితిగతులు చూపే ప్రాక్ కింది మెమరీ ప్రెషర్ ఫైలులో 'ఫుల్' వరస 38 చూపింది. అంటే గడచిన పది సెకన్లలో 38 శాతం కాలం పనులన్నీ కలిసి మెమరీ కోసం పడిగాపులు కాశాయి.

చివరికి, వాడుకలో ఉన్న స్వాప్ చోట్లను చూపే స్వాప్ఆన్ జాబితా అడిగితే ఒకే ఒక్క వరస వచ్చింది: హార్డ్ డిస్కు విభాగం. పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాచే జెడ్‌ర్యామ్ ఏమైందని లాగ్ తిరగేస్తే, దాని మాడ్యూల్ (కర్నెల్‌కు జత చేసే ముక్క) దొరకలేదన్న మొర కొత్త కర్నెల్ ప్రతి బూట్‌లోనూ నమోదై ఉంది. కొత్త కర్నెల్‌కు ఆ మాడ్యూల్ విడి ప్యాకేజీలో వస్తుంది. నేను దానిని ఇన్‌స్టాల్ చేయలేదు.

ఇక అసలు సంగతి. ప్రోగ్రాముల పేజీలను అటక ఎక్కించడానికి ఎంత మొగ్గాలో తమకు చెప్పే స్వాపీనెస్ విలువ మామూలుగా 60. 2020లో వచ్చిన 5.8 కర్నెల్ నుంచి దానిని 200 దాకా పెంచుకోవచ్చు. జెడ్‌ర్యామ్ ఉన్న రోజుల్లో, అటక చేతికందే ఎత్తులోనే ఉంది గదా అని, ర్యామ్‌లో ఉంచిన ఫైళ్ల నకళ్ల (క్యాషె) కన్నా ప్రోగ్రాముల పేజీలనే ముందుగా తరలించమంటూ 180 అని రాసిపెట్టాను. జెడ్‌ర్యామ్ పోయింది, ఆజ్ఞ మిగిలింది. ర్యామ్‌లో వంద నానోసెకన్లలో తెమిలే పని తిరిగే డిస్కులో పది మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు, పట్టినా తమరు ఎదురు చెప్పక మూటలు మోశారు.

ప్యాకేజీ వేశాను. ఇప్పుడు జాబితాలో జెడ్‌ర్యామ్ ఎక్కువ ప్రాధాన్యంతో ఉంది. బ్రౌజర్ మూసి, డిస్కు అటకను స్వాప్ఆఫ్‌తో ఖాళీ చేయించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆ చిటపటలు వింటూ కూర్చున్నాను. ఆ 180 ఉన్న ఫైలును మళ్లీ తెరిచి చూస్తే, దాని నెత్తిన నా వ్యాఖ్యే ఉంది: 'వేగం కోసం'.

ఇట్లు,
ఆ వ్యాఖ్య రాసినవాడు