హ్యూయీ లాంగ్ ఫార్వర్డు పంపేవాళ్లు ఒక్కసారి ఇది కూడా చదవండి

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందన్న ప్రశ్నకీ ఎవరి పాపదో బర్త్‌డే ఫోటోకీ మధ్యలో. అంతకుముందు కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, దానికి ముందు డల్లాస్‌లో ఉండే మా పెద్దబావ పంపాడు. హ్యూయీ రాష్ట్రం లూయిజియానాకి పక్కనే ఉన్న టెక్సాస్‌లో ఉండి కూడా ఒక్క ముక్క సరిచూసుకోకుండా పంపాడంటే ఇక ఇక్కడున్నవాళ్లని ఏమనాలి.

చదవని అదృష్టవంతుల కోసం అందులో ఏముందో చెప్తాను. పూరి గుడిసెలో పుట్టిన హ్యూయీ లాంగ్ అనే పేదవాడు 1928లో అమెరికాలోని లూయిజియానాకి గవర్నర్ అయ్యాడట. ఆయన వచ్చేదాకా అక్కడ రోడ్డే లేదట. బడిపిల్లలకి ఉచితంగా పుస్తకాలిచ్చాడు, ముసలివాళ్లకి పెన్షనిచ్చాడు, ప్రతి కుటుంబానికీ 5,000 డాలర్లు పంచిపెట్టాడు, తను మాత్రం పైసా ముట్టలేదు, అబద్ధాలు రాసే పత్రికల నోరు మూయించాడు, చివరికి ఆయిల్ కంపెనీలు కిరాయి హంతకుణ్ణి పెట్టి చంపించాయి. ఆఖర్న ‘మనకీ ఇలాంటి మగాడు కావాలి, పదిమందికి పంపండి’ అని, కింద చేతులు జోడించిన బొమ్మలు.

గుడిసె సంగతి తొందరగా తేల్చేద్దాం. దుంగలతో కట్టిన ఇల్లే, కానీ విన్‌ఫీల్డ్‌లో వాళ్లది సొంత భూమి ఉన్న కుటుంబం, ఆ ఊరి లెక్కలో కలిగినవాళ్ల కిందే జమ. కుర్రతనంలో ఊరూరా తిరిగి పత్తిగింజల వంటకొవ్వు అమ్మాడు, 21 ఏళ్లకే లాయరయ్యాడు. పేదరికం కథ ఎన్నికల సభల్లో ఆయనే పెంచి చెప్పుకున్నాడు. ఏ నాయకుడు చెప్పుకోడు?

రోడ్లు. ‘ఒక్క రోడ్డూ లేదు’ అన్నది అబద్ధం, 300 మైళ్ల పైచిలుకు పక్కా రోడ్డు ఉంది. కానీ ఒక రాష్ట్రం మొత్తానికి 300 మైళ్లంటే లేనట్టే, అందుకే దీని మీద నేను పోట్లాడను. 1935 నాటికి అది 2,300 మైళ్లు దాటింది, కంకర రోడ్లు వేరే, వందకు పైగా వంతెనలు. డబ్బు ఆకాశం నుంచి పడలేదు, అప్పు తెచ్చాడు, మొదటి విడతే 3 కోట్ల డాలర్ల బాండ్లు. ఆయన తెలివి ఎక్కడుందంటే, మొదట్లో రోడ్డుని ఒక చివర నుంచి ఇంకో చివరకి వేసుకుంటూ పోలేదు. ఈ జిల్లాలో కొన్ని మైళ్లు, ఆ జిల్లాలో కొన్ని మైళ్లు అని ముక్కలు ముక్కలుగా పరిపించాడు. బురదలో కూరుకుపోతూ వచ్చిన బండి ఉన్నట్టుండి నున్నటి రోడ్డెక్కి, కాసేపటికి మళ్లీ బురదలో దిగుతుంది. మిగతాది ఎప్పుడు వేస్తారని జనమే అడగడం మొదలుపెట్టారు.

పుస్తకాలు నిజం. చమురు తవ్వి తీసినదాని మీద పన్ను వేసి ఆ డబ్బుతో ఇచ్చాడు. కేథలిక్ బళ్లలో చదివే పిల్లలకి ప్రభుత్వ సొమ్ముతో పుస్తకాలేమిటని కోర్టుకెళ్తే, ఇస్తున్నది బడికి కాదు పిల్లలకి అని వాదించి 1930లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచాడు. ష్రీవ్‌పోర్ట్ పెద్దలు ‘మాదేం బిచ్చమెత్తుకునే ఊరు కాదు, మాకొద్దు’ అన్నారు. అప్పుడే ఆ ఊరికి సైన్యం విమానాశ్రయం రావాలి, దాని స్థలానికి రాష్ట్రం చట్టం చేయాలి. ముందు పుస్తకాలు తీసుకోండి, తర్వాత స్థలం మాట చూద్దాం అన్నాడు. తీసుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, మనసులో శభాష్ అనుకుంటాను కూడా.

పెన్షన్, 5,000 డాలర్లు. ఇక్కడ మాత్రం రాసినవాడెవడో గానీ పచ్చి అబద్ధం రాశాడు. కుటుంబానికి 5,000 అన్నది 1934 ఫిబ్రవరి 23న రేడియోలో ఆయన ప్రకటించిన ‘సంపద పంచుదాం’ పథకంలోని మాట. అప్పటికి ఆయన గవర్నర్ కాదు, వాషింగ్టన్‌లో సెనేటర్. ఆ పేరుతో దేశమంతా వేల క్లబ్బులు పుట్టాయి, లక్షల మంది పేర్లు రాయించుకున్నారు, పంచింది మాత్రం సున్నా. అసలు పంచగలిగేది కూడా కాదు. కోటీశ్వరుల ఆస్తిలో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలు, రైళ్లు, షేర్లు, వాటిని కోసి ఇంటింటికీ నోట్ల రూపంలో ఎలా ఇస్తారని అడిగితే ఆయన దగ్గర సరైన జవాబు లేదు. ఇక పెన్షన్ అంటారా, ఆయన రాష్ట్రాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఆ ఏడేళ్లలో లూయిజియానాలో వృద్ధాప్య పెన్షన్ లేదు. నిరుద్యోగ భృతి లేదు, కనీస వేతన చట్టం లేదు. ఇంకా తమాషా ఏమిటంటే, 1932 గవర్నర్ ఎన్నికల్లో ముసలివాళ్లకి పెన్షనిస్తానని తిరిగినవాడు హ్యూయీ ప్రత్యర్థి, డడ్లీ లెబ్లాంక్. దాన్ని ఎగతాళి చేసి ఓడించింది హ్యూయీ వర్గం. ఓడించిన పథకాన్ని ఓడించినవాడి ఖాతాలోనే వేసిన వాట్సాప్ పండితుడికి నా నమస్కారం.

పైసా ముట్టలేదు... సరే. ప్రభుత్వ ఉద్యోగుల జీతాల్లోంచి నూటికి ఇంత అని పార్టీకి కోసేవాళ్లు, ఆ నగదు చేరే పెట్టెకి ‘డిడక్ట్ బాక్స్’ అని పేరు, ఆయన పోయాక ఆ పెట్టె ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. 1934లో ‘విన్ ఆర్ లూజ్’ అని ఒక ఆయిల్ కంపెనీ పుట్టింది. వాటాదారుల్లో హ్యూయీ ఉన్నాడు, ఆయన కుర్చీలో కూర్చోబెట్టిన గవర్నర్ అలెన్ ఉన్నాడు. ప్రభుత్వ భూముల్లో చమురు లీజులు ఇచ్చే సంతకం అలెన్‌ది, లాభం ఈ కంపెనీది. పొద్దున లేస్తే ఆయిల్ కంపెనీలని తిట్టే మనిషికి సొంతంగా ఒక ఆయిల్ కంపెనీ! ఆయన పెంచిన మనుషుల సంగతి 1939లో బయటపడింది, అప్పటి గవర్నర్ లేష్ రాజీనామా చేసి తర్వాత జైలుకెళ్లాడు.

ఇప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండించిన లైను. ‘అబద్ధాలు రాసే పత్రికల నోరు మూయించాడు.’ దీని కిందే గ్రూపులో చప్పట్ల బొమ్మలన్నీ. రోడ్ల కింద ఒక్కటి లేదు, పుస్తకాల కింద ఒక్కటి లేదు, నోరు మూయించాడు అనగానే చప్పట్లు.

ఎలా మూయించాడో చూడండి. 1934లో ఒక చట్టం. వారానికి 20,000 కాపీల కంటే ఎక్కువ అమ్ముడయ్యే పత్రికల ప్రకటనల ఆదాయం మీద 2 శాతం పన్ను. చూడ్డానికి ఏదో మామూలు పన్నులా ఉంది కదా. ఆ లెక్కలోకి వచ్చిన పత్రికలు 13, అందులో 12 ఆయన్ని వ్యతిరేకించేవి. ఊళ్లలో ఉన్న చిన్నాచితకా పత్రికలు, ఆయన్ని మోసేవి, గీత కిందనుంచి హాయిగా తప్పుకున్నాయి. తను దాచుకోను కూడా లేదు, ఇది అబద్ధాల మీద పన్ను, అబద్ధానికి రెండు సెంట్లు అని చెప్పుకుని తిరిగాడు. మరి ఆయన సొంత పత్రిక ఒకటుండేది. దానికి చందాలు కట్టాల్సింది, కట్టించాల్సింది ప్రభుత్వ ఉద్యోగులు. అందులో అబద్ధాలకి మాత్రం పన్ను లేదు.

పత్రికలంటే పెద్దవాళ్లవి, యజమానులంతా దొంగలే అంటారా? అయితే యూనివర్సిటీ పిల్లల సంగతి వినండి. రాష్ట్ర రాజధాని బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ, అంటే లూయిజియానా స్టేట్ యూనివర్సిటీ, ఆయన ముద్దుల యూనివర్సిటీ, బ్యాండు ముందు తనే నడిచేవాడు. 1934 నవంబరులో అక్కడి ఫుట్‌బాల్ స్టార్ ఒకణ్ణి రాష్ట్ర సెనేటర్‌ని చేస్తున్నానని సరదాకి ప్రకటించాడు. ఆ కుర్రాడికి ఆ పదవికి వయసు చాలదు, సొంతూరు వేరే రాష్ట్రం. ఇదేం ఎగతాళి అని ఒక విద్యార్థి కాలేజీ పత్రికకి ఉత్తరం రాశాడు. అచ్చవుతోందని హ్యూయీకి తెలిసింది. ప్రెస్సు ఆపించి కాపీలు ధ్వంసం చేయించారు, ఇకమీదట ప్రతి కాపీ ముందే చదవడానికి ఒక మనిషిని పెట్టారు. కుదరదన్న పిల్లల్లో ఏడుగురిని వెళ్లగొట్టారు, వాళ్లు మిస్సోరీ యూనివర్సిటీకి పోయి చదువు పూర్తి చేసుకున్నారు. ఒక్క ఉత్తరం! సెనేటర్, గవర్నర్ని ఆడించేవాడు, రాబోయే ఎన్నికల్లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌నే ఢీకొంటానంటున్నవాడు, కాలేజీ పిల్లాడి ఉత్తరానికి టెన్షన్ పడ్డాడు. మగాడట.

అక్కడితో ఆగలేదు. 1934 జూలైలో న్యూ ఆర్లీన్స్‌లో ఓటర్ల నమోదు ఆఫీసులోకి సైనికులని దింపి, ఎదురుగా ఉన్న సిటీ హాల్ వైపు మెషిన్ గన్లు గురిపెట్టించాడు, ఎందుకంటే ఆ ఊరి మేయరుతో పడదు. 1935 జనవరిలో బాటన్ రూజ్‌లో సైనిక పాలన. 1934 ఆగస్టు నుంచి ఏడాది పైచిలుకు కాలంలో అసెంబ్లీకి ఏడు ప్రత్యేక సమావేశాలు, చదవకుండానే కట్టలు కట్టలుగా బిల్లులు పాస్. ఊళ్ల పోలీసు నియామకాల మీద, ఎన్నికల సిబ్బంది మీద, చివరికి బడి పంతుళ్ల ఉద్యోగాల మీద పెత్తనం కూడా తన మనుషుల చేతికే. రాష్ట్రంలో ఏ పదవీ లేని మనిషి సభలో బల్లల మధ్య తిరుగుతూ ఇది పాస్ చేయండి అని చెప్పేవాడు. పైన గవర్నర్ అలెన్, కిటికీలోంచి ఆకు ఎగిరొచ్చి టేబుల్ మీద పడితే దాని మీద కూడా సంతకం పెట్టేశాడని హ్యూయీ సొంత తమ్ముడే జోకేసేవాడు.

‘అంత గట్టిగా ఉండకపోతే పేదలకి పనులు జరిగేవా’ అని మా బావ వాదన. బావా, తేదీలు చూడు. పుస్తకాలు 1928లో మొదలు. రోడ్ల బాండ్లు 1928. రాత్రి బడులు, ఎల్‌ఎస్‌యూ మెడికల్ కాలేజీ 1931 లోపు. అప్పుడు పత్రికలు రోజూ ఉతికి ఆరేస్తూనే ఉన్నాయి. 1929లో రిఫైనరీల మీద పీపాకి 5 సెంట్లు పన్ను వేయబోతే ఏకంగా పదవిలోంచి దించడానికి అభిశంసన పెట్టారు, అందులోంచి కూడా బయటపడ్డాడు. సాక్ష్యం ఏదైనా సరే శిక్షకి ఓటు వేసేది లేదని 15 మంది రాష్ట్ర సెనేటర్ల చేత ముందే సంతకాలు పెట్టించుకున్నాడు, ఆ పదిహేను మందికీ తర్వాత మంచి పదవులూ మర్యాదలూ దక్కాయి, అది వేరే సంగతి. ఇన్ని అడ్డంకుల మధ్య కూడా పనులు జరిగాయి. నోళ్లు మూయించడం మొదలైంది 1934లో, పనుల్లో చాలా భాగం అయిపోయాక. పుస్తకాల కేసులో ఆయన్ని గెలిపించిన సుప్రీంకోర్టే 1936లో ఆ పత్రికల పన్నుని ఏకగ్రీవంగా కొట్టేసింది. కోర్టు శత్రువైతే మొదటి కేసులోనే ఓడించేది కదా.

ఇంకో మాట కూడా రాయాలి, ఇది చదివి నన్ను ఇంకో గ్రూపులో మెచ్చుకోబోయేవాళ్ల కోసం. ఆయన ప్రత్యర్థులు ప్రజాస్వామ్యం గురించి మాట్లాడటం ఇంకా పెద్ద అబద్ధం. తోటల యజమానులు, న్యూ ఆర్లీన్స్ రాజకీయ ముఠా, స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, వీళ్ల చేతుల్లో ఆ రాష్ట్రం ఎన్నేళ్లు నలిగింది! 1896లో అక్కడ 1,30,000 మంది నల్లవాళ్లకి ఓటుండేది. 1898లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు, 1904 నాటికి ఆ ఓటర్లు 1,342 మంది మిగిలారు. ఇదంతా హ్యూయీ పిల్లాడిగా ఉండగానే, మర్యాదస్తులు చేసిన పని. పేద తెల్లవాడు ఓటెయ్యాలన్నా ఏటా డాలరు కట్టాలి, ఆ పన్ను ఎత్తేసింది హ్యూయీనే, అదీ 1934లోనే. టెలిఫోన్ కంపెనీ ఎక్కువ వసూలు చేసిన డబ్బు జనానికి వెనక్కి ఇప్పించాడు, గవర్నర్ కాకముందే. 1928లో నేను ఆ ఎర్రమట్టి కొండల్లో తెల్ల కౌలురైతునైతే కళ్లు మూసుకుని ఆయనకే ఓటేసేవాణ్ణి. నల్ల కౌలురైతునైతే నా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. పుస్తకాలు, ఆసుపత్రి నా పిల్లలకీ అందేవి, ఓటు మాత్రం ఆయన హయాంలోనూ రాలేదు.

కిరాయి హంతకుడు. 1935 సెప్టెంబరు 8 రాత్రి, ఆయనే కట్టించిన 34 అంతస్తుల రాష్ట్ర శాసనసభ భవనంలో కాల్పులు. నిందితుడు కార్ల్ వైస్, ముప్పై ఏళ్లు కూడా నిండని డాక్టరు, చెవి ముక్కు గొంతు చూసేవాడు. మామగారు జడ్జి పేవీ, ఆయన పదవి ఊడేలా నియోజకవర్గం హద్దులు మార్చే బిల్లు సరిగ్గా ఆ సమావేశంలోనే ఉంది. బాడీగార్డులు వైస్‌ని అక్కడికక్కడే కాల్చేశారు, ఒంటి మీద అరవై దాకా గాయాలు, కాబట్టి అడగడానికి మనిషి మిగల్లేదు. హ్యూయీకి తగిలిన గుండు బాడీగార్డులదే అనేవాళ్లు కూడా ఉన్నారు, ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. స్టాండర్డ్ ఆయిల్ సుపారీ ఇచ్చిందనడానికి మాత్రం ఎక్కడా ఆధారం లేదు. అయినా భార్య, మూడు నెలల కొడుకు ఉన్న డాక్టరు, తుపాకులున్న గుంపు మధ్యలోకి ఒంటరిగా నడిచి వెళ్లే కిరాయికి ఒప్పుకుంటాడా?

ఇవన్నీ చదివాక కూడా పంపుతామంటే పంపండి, మీ డేటా మీ ఇష్టం. కనీసం ఆ ఫోటో మార్చండి. అందులో ఉన్నది హ్యూయీ కాదు, తమ్ముడు ఎర్ల్ లాంగ్. తర్వాత తనూ గవర్నర్ అయ్యాడు. 1933లో సెనేట్ విచారణ కమిటీ ముందు కూర్చుని, మా అన్న లంచం తీసుకున్నాడని ప్రమాణం చేసి చెప్పింది ఈయనే.