స్కాన్ సీడీ గారికి మీ బోయీ విన్నపం

మహారాజశ్రీ స్కాన్ సీడీ గారి దివ్య సముఖానికి, మీ బోయీ నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమ ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. నా మధ్యాహ్నం మాత్రం పోయింది.

ఇవాళ అమ్మ పాత సీటీ స్కాన్ బొమ్మల్ని కడుపులో దాచుకున్న తమరిని ఫైల్లో కూర్చోబెట్టి, నలగకుండా, వంగకుండా రెండో డాక్టరుగారి దగ్గరికి ఊరేగించాను. మూడు గంటలు బెంచీ మీద కొలువుదీరాం. లోపలికి పిలిచాక ఆయన తమరిని అటూ ఇటూ తిప్పి చూశారు. అద్దంలా మెరుస్తుంటారు కదా, తన ముఖమే కనిపించి ఉంటుంది. తరవాత కంప్యూటరు కేసి చూశారు. తమరు దూరే సందు దానికి లేదు. రిసెప్షన్‌లో పాతది ఉందన్నారు. అక్కడ దూరారు, గిర్రున తిరిగారు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగారు. అడ్మిన్ సెలవు.

తమ వంశచరిత్ర నాకు తెలుసులెండి. ఒక కంపెనీ మిషన్ తీసిన బొమ్మ ఇంకో కంపెనీ తెర మీద తెరుచుకోవాలని అమెరికాలో రేడియాలజిస్టులూ, మిషన్లు చేసేవాళ్ళూ 1983లో కలిసి కూర్చున్నారు. 1985లో మొదటి ప్రమాణం వచ్చింది. 1993లో దానికి డైకామ్ అని పేరు పెట్టి, బొమ్మల్ని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతి కూడా అందులోనే రాశారు. దేవుడు ఎప్పుడో వరమిచ్చేశాడు. పూజారులే ఒకరి సర్వర్ తలుపు ఇంకొకరి సర్వర్‌కి తీయరు. మధ్యలో వైరు నేను.

"ఫిల్మ్ ఫొటో తీసి వాట్సాప్ చేయండి, చాలు" అని ఇంకో సలహా. సీటీ బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది: నీళ్ళు 0, గాలి మైనస్ 1000, గట్టి ఎముక వెయ్యి దాటుతుంది. ఊపిరితిత్తికి ఒక వెలుగు, ఎముకకి ఇంకో వెలుగు పెట్టుకుని డాక్టర్లు మౌస్‌తో జరుపుతూ చూస్తారు. ఫొటోలో మిగిలేవి నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లు, ఆ మీదట వాట్సాప్ చేసే కుదింపు. వందల పొరల్లో ఫిల్మ్ మీదకి ఎక్కేవే కొన్ని. కిటికీకి ఆనించి తీశాను కాబట్టి ఊచలు కూడా పడ్డాయి. వాటిని పక్కటెముకల్లో లెక్కేస్తే నా పూచీ లేదు.

బొమ్మలు చూసుకోమని స్కాన్ సెంటర్ వాళ్ళు లింకు కూడా ఇచ్చారు. ఓటీపీ అమ్మ పాత నంబరుకి పోతుంది. పోయినా నష్టం లేదు, లింకు గడువు ఎప్పుడో ముగిసింది.

చివరికి ఏమన్నారో విన్నారుగా? "మళ్ళీ తీయిద్దాం."

ఏమిటి తీయించేది? ఆయన అడిగింది ఒక్కటే: అమ్మ ఊపిరితిత్తిలో ఆ చిన్న మచ్చ పది నెలల్లో పెరిగిందా, లేదా? కొత్తది ఎన్నిసార్లు తీసినా పాతది పక్కన పెట్టకుండా ఎలా తెలుస్తుంది? రిపోర్టులో కొలత ఉంది, నిజమే. ఏ పొరలో, ఏ మూల నుంచి ఏ మూలకి కొలిచారో బొమ్మ చెప్పాలి. ఆ బొమ్మ నీ కడుపులో ఉంది. నువ్వు నోరు విప్పవు! దారంతా అమ్మ నాలుగుసార్లు అడిగింది, "పెరిగిందటనా?" అని. జవాబు నీ దగ్గర పెట్టుకుని నా ఒళ్ళో కూర్చున్నావు. కిటికీలోంచి విసిరేద్దామనిపించింది, తెలుసా?

విసరలేదు. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేస్తే పాతవి తీసేశామన్నారు. అన్ని పొరలతో మిగిలింది నువ్వొక్కడివే. అందుకే బీరువాలో, బట్టల మధ్య, మెత్తగా పడుకోబెట్టాను.

నువ్వు దూరే డ్రైవ్ ఒకటి ఆర్డర్ పెట్టాను, రేపు వస్తుంది. ఎల్లుండి అపాయింట్‌మెంట్. నిన్నూ, నీ పల్లకీనీ కూడా నేనే మోసుకెళ్తాను. అప్పటిదాకా గీత పడకుండా ఉండు.

ఇట్లు,
మీ బోయీ