ప్రతిపాదకులు కావలెను

నేను శాసనసభ్యుడిని కావడానికి అన్ని విధాలా అర్హుడినని భారత రాజ్యాంగం భావిస్తోంది. ఈ సంగతి నాకు పదవీ విరమణ చేసిన మూడో ఏట తెలిసింది. అంతవరకూ కర్నూలులోని నా ఇంట్లోగానీ, ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పిన బడుల్లోగానీ నేను దేనికైనా అర్హుడినని ఎవరూ అన్న గుర్తు లేదు. అందుకే 173వ అధికరణం చదివినప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి.

భారత పౌరుడై ఉండాలట. ఉన్నాను. 25 ఏళ్లు నిండి ఉండాలట. నాకు రెండున్నర సార్లు నిండాయి. రాజ్యాంగానికి విధేయుడినని ప్రమాణం చేయాలి, చేస్తాను. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరునై ఉండాలి, ఉన్నాను. అంతే. పెన్షన్ కోసం నేను బతికే ఉన్నానని ఏటా నిరూపించుకోవాలి. వేలిముద్ర పడకపోతే కనుపాప చూపించాలి, అదీ కుదరకపోతే మర్నాడు మళ్లీ వెళ్లాలి. రాష్ట్రానికి శాసనాలు చేస్తానంటే మాత్రం ఇంత సులువుగా నమ్మారు.

ఇక అనర్హతలు. లాభదాయక పదవిలో ఉండకూడదు. నేను ఏ పదవిలోనూ లేను. దివాలా తీసి ఉండకూడదు. తీయడానికి ముందు ఏదో ఒకటి ఉండాలి కదా. మతిస్థిమితం లేనివాడై ఉండకూడదు. ఈ వాక్యం పైకి చదివినప్పుడు మా ఆవిడ ముఖంలో ఆశ కనిపించింది. కానీ ఆ సంగతిని తగిన న్యాయస్థానం ప్రకటించాలని 191వ అధికరణం షరతు పెట్టింది. ఇంట్లోవాళ్ల అభిప్రాయం చెల్లదు.

నేరాల విషయంలో చట్టం ఎంతో ఓర్పు గలది. రెండేళ్లు, అంతకు మించి జైలుశిక్ష పడితే శిక్షాకాలమంతా, విడుదలయ్యాక మరో 6 ఏళ్లూ పోటీకి దూరంగా ఉండాలి. శిక్ష పడాలి, కేసు ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. ఉన్న కేసులను ఫారం-26 అఫిడవిట్‌లో రాసి, పత్రికల్లోనూ టీవీల్లోనూ మూడుసార్లు ప్రకటించుకోవాలి. నాకు ఒక్క కేసూ లేదు. ఆ గడిలో ‘లేదు’ అని రాస్తుంటే చిన్నతనంగా అనిపించింది. ఖాళీగా వదిలేద్దామంటే, గడులు ఖాళీగా ఉంచిన నామినేషన్‌ను తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. అదే ఏడాది మరో తీర్పులో, జైల్లో ఉన్నవాడికి ఓటు హక్కే లేనప్పుడు పోటీ చేసే హక్కు ఎక్కడిదని కూడా కోర్టు అడిగింది. నెలలు తిరగకుండానే పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ అన్యాయాన్ని సరిదిద్దింది. కాబట్టి ఇప్పుడు జైల్లో ఉన్నవాడు ఓటు వేయలేడు, ఓట్లు అడగగలడు.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. శాసనసభకు ధరావతు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే తిరిగి ఇస్తారు. మా వీధిలో అద్దె ఇంటికి అడ్వాన్సు ఇంతకంటే ఎక్కువ, పైగా అది తిరిగి రావడానికి ఆరో వంతు న్యాయం కూడా లేదు. ఖర్చుకు మాత్రం 40 లక్షల పరిమితి ఉంది. ప్రచారంలో తాగించే టీకీ, వేసే కుర్చీకీ, కట్టే శామియానాకూ జిల్లా ఎన్నికల యంత్రాంగం ధరల పట్టిక ఇస్తుంది, దాని ప్రకారం రోజువారీ లెక్క రాయాలి. కర్నూలులో ప్రచారమంటే పొద్దున ఉగ్గాని-బజ్జీ తప్పదు. బజ్జీని ఉగ్గానితో కలిపి ఒకే పద్దుగా రాయాలా, విడిగా రాయాలా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాను. ఇదే ఊళ్లో అభ్యర్థులు ఎంత పొదుపుగా గెలుస్తారో ఆ లెక్కల పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. పరిమితి దాటినవాడు ఆ పుస్తకాల్లో కనిపించడం అరుదు. రోడ్ల మీద కనిపించేది వేరే లెక్క, దానికి పుస్తకం లేదు.

2024 ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చింది. నామినేషన్లకు 25 చివరి రోజు, ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకు. నేను స్కూటరు మీద వెళ్లి నామినేషన్ పత్రం, అంటే ఫారం 2బి తెచ్చుకున్నాను. అదే రోజు ఒక పార్టీ ఊరేగింపు ఎదురైంది. తప్పెట్లు, పూలు, గజమాల పట్టిన క్రేను, దాని వెనుక ఎండలో మాడుతున్న జనం. రిటర్నింగ్ అధికారి కార్యాలయానికి 100 మీటర్ల దూరంలో ఆ మహాసముద్రం ఆగిపోయింది. అక్కడి నుంచి మూడు వాహనాలకే అనుమతి, లోపలికి అభ్యర్థితో కలిపి అయిదుగురే. గీత ఇవతల వేలమంది, అవతల అయిదుగురు. గీత దాటాక మా అభ్యర్థులందరూ ఎంత నిరాడంబరులో కదా!

ఇంటికొచ్చి ఫారం తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు. స్వతంత్రుడినైతే పదిమంది ప్రతిపాదించాలి. పార్టీ తన అభ్యర్థికి ఇచ్చే బి-ఫారం చేతికి వచ్చేలోగా ఆ మనిషి ఎందరి గుమ్మాలు తొక్కి ఉంటాడో అని చట్టం జాలిపడి తొమ్మిది సంతకాలు మినహాయించినట్టుంది.

పదిమందేగా అనుకున్నాను. తెల్లవారుజామున నాతో నడకకు వచ్చేవాళ్లే ఎనిమిది మంది. వాళ్లలో అయిదుగురు కల్లూరు వైపు ఉంటారు. వాళ్లు పన్ను కట్టేది కర్నూలు నగరపాలక సంస్థకు, చిరునామా రాసేది కర్నూలని, ఓటు మాత్రం పాణ్యం నియోజకవర్గంలో. ఆ పాణ్యం నంద్యాల దారిలో ఎక్కడో, 2022 నుంచి వేరే జిల్లాలో ఉంది. ప్రతిపాదించేవాడు ఇదే నియోజకవర్గపు ఓటరై ఉండాలి గనుక అయిదు సంతకాలు ఒక్క దెబ్బతో పోయాయి. విచిత్రం ఏమిటంటే, ఈ నిబంధన నాకు లేదు. నేను ఇచ్ఛాపురంలో ఓటరునై ఉండి కూడా కర్నూలులో పోటీ చేయవచ్చు. నాయకుడు ఏ ఊరివాడైనా చట్టానికి అభ్యంతరం లేదు, సంతకం మాత్రం స్వదేశీ కావాలి.

మొదటి సంతకం ఇంట్లోనే దొరికింది. బ్యాంకు కాగితమనుకొని మా ఆవిడ చూడకుండా పెట్టేసింది. తర్వాత మా వీధి చివర హోటలుకు వెళ్లాను. దాని యజమాని నా దగ్గరే భిన్నాలు నేర్చుకున్నవాడు. చేతులు తుడుచుకొని ఫారం అందుకుని, మూడు నిమిషాలు చదివాడు. బడిలో ఇంత శ్రద్ధ ఎప్పుడూ చూపలేదు.

“సార్, నా పేరు ఎక్కడైనా అతికిస్తారా?”

అబద్ధం చెప్పలేకపోయాను. అభ్యర్థి వివరాలతోపాటు ప్రతిపాదించినవారి వివరాలు కూడా రిటర్నింగ్ అధికారి కార్యాలయం నోటీసు బోర్డులో పెడతారు.

“రెండు పార్టీలవాళ్లూ మన దగ్గరే తింటారు సార్. ప్రస్తుతానికి ఇద్దరూ డబ్బులిస్తున్నారు,” అని ఫారం జాగ్రత్తగా మడిచి ఇచ్చాడు. ఆ రోజు నా టీకి డబ్బులు తీసుకోలేదు. అభ్యర్థిగా నాకు దక్కిన మొదటి విరాళం అదే, లెక్కలో రాసుకున్నాను.

కూరగాయల బండి పెట్టుకునే పెద్దావిడ ఒక్కతే వెంటనే సరేనంది. “నీకు కాక ఎవరికి వేస్తానయ్యా ముద్ర” అంది. అయితే వేలిముద్ర వేసేవాళ్లు రిటర్నింగ్ అధికారి ఎదుటో, ఎన్నికల సంఘం నిర్దేశించిన అధికారి ఎదుటో వేయాలి. 11 నుంచి 3 లోపల రావాలంటే ఆమె బండి ఎత్తేయాలి. ఎండకు మిగిలిన తోటకూర వాడిపోతుంది. తోటకూర ఖర్చు నేను ఇస్తానంటే అది ఓటరుకు డబ్బు ఇచ్చినట్టవుతుందేమోనని భయపడి నోరు మూసుకున్నాను.

ఇక మా బావమరిది. సంతకం పెట్టడానికి ముందు నన్ను పెరట్లోకి తీసుకువెళ్లి గొంతు తగ్గించాడు.

“బావా, నీ వెనుక ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“నాక్కూడా చెప్పవా? ఎవరి ఓట్లు చీల్చడానికి?”

“ఎవరివీ చీల్చను. గెలుద్దామని.”

అతను నన్ను చాలాసేపు చూశాడు. నొచ్చుకున్నాడని అర్థమైంది. ఇంటి అల్లుడు ఇంత ముఖ్యమైన సంగతి దాస్తే ఎవరికైనా నొప్పిగానే ఉంటుంది. సంతకం పెట్టలేదు. నేను తప్పు పట్టను. బావమరుదుల విషయంలో మా సీమకు అనుభవం ఉంది. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు అభ్యర్థిగా ఓడించిన తరిమెల నాగిరెడ్డి ఆయనకు స్వయానా బావమరిదే. తర్వాత సంజీవరెడ్డి ముఖ్యమంత్రీ రాష్ట్రపతీ అయ్యారు గనుక, బావమరిది సహకరించకపోవడం శుభసూచకమే అనుకుని సర్దిచెప్పుకున్నాను.

అయిదు రోజులు గడిచేసరికి నా దగ్గర నాలుగు సంతకాలున్నాయి. అందులో ఒకటి మళ్లీ చూస్తే పాణ్యం ఓటరుది.

ఆ సాయంత్రం ఒక యువకుడు ఫైలు పట్టుకుని వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్లు తాగి, “సార్, మీరు నామినేషన్ వేస్తున్నారని తెలిసింది. సంతకాలకు ఇబ్బంది పడుతున్నారట. పదిమందీ మా దగ్గర సిద్ధంగా ఉన్నారు,” అన్నాడు. ఫైలు తెరిచి చూపించాడు. పది పేర్లు, ఓటరు జాబితాలో భాగం నంబరు, వరుస నంబరు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. నా సర్వీసులో అంత తప్పుల్లేని రిజిస్టరు చూడలేదు. ధరావతు కూడా తామే కడతామన్నాడు. గుర్తుకు మూడు ఐచ్ఛికాలు రాయాలి కదా, ఆ శ్రమ కూడా నాకు లేకుండా ప్రెషర్ కుక్కర్, బకెట్ అంటూ మూడూ రాసి పెట్టాడు.

“మీ పూర్తి పేరు ఒకసారి చెప్పండి సార్.”

చెప్పాను. ఫోను తీసి ఏదో జాబితాతో పోల్చి చూశాడు. ముఖం వాడిపోయింది.

“ఇంటిపేరు కలవలేదు సార్. పోనీ పేరులో రెండో సగమైనా కలుస్తుందేమో అనుకున్నాను.” పెళ్లిచూపుల్లో జాతకం కుదరనప్పుడు మధ్యవర్తి ఎంత బాధపడతాడో అంత బాధపడ్డాడు. ఓటింగు యంత్రం మీద ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే ఓటరుకు ఎంపికలో విశాలత్వం పెరుగుతుంది. ఆ విశాలత్వానికి నేను పనికిరాకపోయాను. 173వ అధికరణం ఈ అర్హత గురించి ఒక్క ముక్క రాయలేదు.

లేచి వెళ్తూ, “మీ బంధువుల్లో ఎవరైనా ఉన్నారా సార్, కాస్త పేరు దగ్గరగా ఉండేవాళ్లు?” అని అడిగాడు. మాటవరసకు మా బావమరిది పేరు చెప్పాను. ఫోను మీద అతని వేలు ఆగిపోయింది.

25వ తేదీ మధ్యాహ్నం మూడింటికి నేను ఇంట్లోనే ఉన్నాను. మర్నాడు పరిశీలన జరిగింది. 29న ఉపసంహరణకు గడువు ముగిసింది. మే 13న అందరితోపాటు వరుసలో నిలబడి, ఓటు వేసి వచ్చాను.

జూన్ 4 లెక్కింపు మర్నాడు పొద్దున హోటల్లో కూర్చుని ఉంటే యజమాని ఉగ్గాని ప్లేటు నా ముందు పెట్టి వంగి, “మీరు నిలబడి ఉంటే నా ఓటు మీకే సార్. ఓటైతే ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు. అప్పుడే మా బావమరిది కొత్త బైకు దిగి లోపలికొచ్చాడు. గడువు తేదీకి ముందే ఉపసంహరించుకున్న మాజీ అభ్యర్థి గనుక నడకలో కొంత బరువు కనిపించింది. నా పక్కనే కూర్చుని, నా బిల్లు కూడా తనే కడతానన్నాడు.

“నీ వెనుక ఎవరున్నారు?” అని అడిగాను.

“ఎవరూ లేరు బావా,” అని బజ్జీ తుంచాడు.