తేమ కాదు, చోటు చాలలేదు
పెంచుకునే గొల్లభామ పురుగు కుబుసం సరిగా విడవకపోతే గాలిలో తేమ చాలకే అని, రోజూ డబ్బాలో నీళ్లు చిలకరించమని మీరు రాశారు. మా రాజోలు వైపు వానాకాలంలో వేయించిన అప్పడాలే గంటలో మెత్తబడిపోతాయి, ఇంకా తేమెందుకండీ? మావాడు పచ్చడి సీసాలో పెంచినది చోటు చాలకే పోయింది. తలకిందులుగా వేలాడుతూ పాత చర్మంలోంచి కిందికి జారాలి కదా, దానికి ఒంటి పొడవుకు కనీసం 3 రెట్లు ఎత్తుండాలి. ఇది సగం జారేసరికి సీసా అడుగు తగిలి, ముందుకాళ్లు వంకరగానే గట్టిపడిపోయాయి. పైగా నున్నటి గాజుకి పట్టెక్కడిది? రెండోదాన్ని దోమతెర గుడ్డ కట్టిన అట్టపెట్టెలో పెట్టాం, శుభ్రంగా విడిచింది. తీరా మందు కొట్టిన చేలోంచి మిడతను పట్టుకొచ్చి దానికి మేతగా వేశాడు, మర్నాటికి అదీ దక్కలేదు.