తొంభైకి ఎఫ్/4 చాలు, నా మాట నమ్మండి

రేంజ్‌ఫైండర్ కెమెరా (లెన్సులోంచి కాకుండా వేరే కిటికీలోంచి చూస్తూ, అందులో కనపడే రెండు బొమ్మల్ని కలిపి ఫోకస్ చేసే ఫిల్మ్ కెమెరా) కొన్న ప్రతివాళ్ళూ ఆర్నెల్లు తిరిగేసరికి అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, మనుషుల ఫోటోలకి తక్కువలో ఒక 85 ఎం.ఎం. లెన్సు చెప్పు." జవాబూ ఒకటే వస్తుంది: పాత సోవియట్ లెన్సు జూపిటర్-9 తీసుకో, ఎఫ్/2 (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది), చవక, వెనకదంతా వెన్నలా కరిగిపోతుంది. నాకూ అదే చెప్పారు, నేనూ అదే కొన్నాను. ఇంకొకరు కొనేలోగా ఈ నాలుగు ముక్కలూ చెప్పాలని రాస్తున్నాను.

నాది బెస్సా-ఆర్ అనే రేంజ్‌ఫైండర్. 39 ఎం.ఎం. మర లెన్సులు ఎక్కే బాడీ. రెండేళ్ళ క్రితం దానికి ఆ జూపిటర్ బిగించుకుని ఉప్పాడ వెళ్ళాను. మాది కాకినాడే, గంట కూడా పట్టదు. గుంట మగ్గంలో కూర్చుని జాందానీ నేస్తున్న ఒక పెద్దాయన. ఉన్న వెలుతురల్లా పక్క కిటికీదే. ఆయన ముఖం, ముడతలు, పోగు మీద నిలిచిన ఆ చూపు. ఎఫ్/2 పెట్టి ఒక రోలు మొత్తం, 36 ఫ్రేములూ ఆయనకే ఖర్చుపెట్టాను. వ్యూఫైండర్లో రెండు బొమ్మలూ ప్రతిసారీ చక్కగా కలిశాయి. అన్నీ దగ్గర్నుంచి తీసినవే. ఇంటికొచ్చి కడిగి చూస్తే ప్రతి ఫ్రేములోనూ కళ్ళు మసక, చెవి వెనక జుట్టు మాత్రం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టం. మళ్ళీ వెళ్దాం అనుకుంటూనే నాలుగు నెలలు గడిపాను. ఈలోగా ఆయన పోయారు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఎస్సెల్లార్‌లో మనం లెన్సులోంచే చూస్తాం, మసకైతే అక్కడే తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్ కిటికీలో అన్నీ ఎప్పుడూ స్పష్టంగానే ఉంటాయి. లెన్సు అబద్ధం చెప్తోందని ఫిల్మ్ కడిగేదాకా తెలీదు. బాడీ లోపల ఒక చిన్న రోలర్ లెన్సు వెనక అంచుకు ఆనుకుని ఉంటుంది. దానికి తెలిసింది 50 లెన్సు కదలిక ఒక్కటే. అదే దూరానికి 85 లెన్సు దాదాపు 2.7 రెట్లు ఎక్కువ ముందుకు జరగాలి. కాబట్టి లెన్సు లోపల ఇంకో మర ఉండి, ఆ పెద్ద కదలికను రోలర్‌కి అర్థమయ్యే చిన్న కదలికగా మార్చాలి. ఆ మర ఒక్క పన్ను తప్పినా అంతే. పాత జూపిటర్లను ఎవరెవరో విప్పి, గ్రీజు మార్చి, మర ఎక్కడ మొదలవ్వాలో చూసుకోకుండా బిగించేసినవి చాలా ఉన్నాయి. పైగా లెన్సు ఎంత జరిగితే ఎంత దూరం అన్న లెక్కలో సోవియట్ బాడీల కొలత వేరు, లైకా కొలత వేరు. నా బెస్సాది లైకా కొలతే. దూరపు కొండ మీద రెండూ ఒప్పుకుంటాయి, ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గరికొచ్చేసరికి విడిపోతాయి. మనం 85 కొనేదే ఎదురుగా కూర్చున్న మనిషి కోసం కదా!

లెన్సుగా జూపిటర్-9 చెడ్డది కాదు. యుద్ధానికి ముందు జైస్ వాళ్ళు చేసిన సోనార్ వంశమే, 15 రేకుల అపర్చర్, గుండ్రంగా వచ్చే వెలుగు చుక్కలు. కీవ్ మౌంట్‌ది సోవియట్ కీవ్ కెమెరా మీదో, ఏదైనా అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా మీదో హాయిగా వాడుకోండి. లైకా కొలత బాడీ మీద పరీక్షించకుండా మాత్రం వద్దు.

అసలు ఈ ఎఫ్/2 మోజు ఊరికే పుట్టలేదు. 1950లో టోక్యోలో జున్ మికి అనే ఫోటోగ్రాఫర్ నికాన్ వాళ్ళ నిక్కోర్ 85 ఎఫ్/2తో డేవిడ్ డగ్లస్ డంకన్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్‌ని ఫోటో తీశాడు. ఆ ప్రింటు చూసి డంకన్ నేరుగా నికాన్ కంపెనీకి వెళ్ళాడు, తర్వాత ఆ లెన్సులతోనే కొరియా యుద్ధం తీశాడు. నిజమే, గొప్ప లెన్సే. కానీ వాళ్ళ చేతిలో ఉన్నవి కొత్త లెన్సులు. మనకు దొరికేవి దశాబ్దాలుగా నలిగినవి.

ఇక లెక్క చూడండి. 85 ఎఫ్/2తో మీటరున్నర దూరంలో స్పష్టంగా వచ్చే మందం సుమారు 3.5 సెంటీమీటర్లు. 90 ఎఫ్/4తో అదే దూరంలో 6 సెంటీమీటర్లు దాటుతుంది. కళ్ళు, ముక్కు, పెదాలు అందులో పడతాయి. ఇక రేంజ్‌ఫైండర్ బేస్, అంటే దూరం కొలిచే రెండు కిటికీల మధ్య ఎడం, ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం. లైకా ఎం6కి అది 69 ఎం.ఎం. పైనే, వ్యూఫైండర్ బొమ్మను చూపించే పరిమాణం 0.72తో గుణిస్తే పనికొచ్చేది సుమారు 50. నా బెస్సాకి 37, 0.68తో గుణిస్తే సుమారు 25. సగం! నా బాడీ మీద 85 ఎఫ్/2ని పూర్తిగా తెరిచి వాడటమంటే దారపు మొన చూడకుండా సూదిలోకి ఎక్కించడమే. ఇప్పుడు 90కి ఎఫ్/1.25 కూడా అమ్ముతున్నారు. ఇంత చిన్న బేస్ మీద దాన్ని ఎలా ఫోకస్ చేస్తారో నాకు ఊహకందదు.

"మరి చీకట్లో ఎఫ్/4 ఏం చేస్తుంది?" అంటారు. ఎఫ్/2కీ ఎఫ్/4కీ తేడా రెండు స్టాపులు, అంటే వెలుతురు నాలుగో వంతు. హెచ్‌పీ5 బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ను దాని వేగం (ఐఎస్‌ఓ) 400 బదులు 1600 అనుకుని తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచితే ఆ రెండు స్టాపులూ వచ్చేస్తాయి. గ్రెయిన్ (బొమ్మలో ఇసుక రేణువుల్లాంటి గరుకు) పెరుగుతుంది, పెరగనివ్వండి. గ్రెయిన్ ఉన్న కన్ను కన్నే, ఫోకస్ లేని కన్ను కన్ను కాదు.

నేను జూపిటర్ అమ్మేసి లైకా ఎల్మార్ 90 ఎఫ్/4, పాత మర మౌంట్‌ది తీసుకున్నాను. నాలుగే గాజులు, సన్నగా జేబులో పడుతుంది. ఎఫ్/4కి వెలుతురు తక్కువ పడుతుందని ఎవరూ ఎగబడరు కాబట్టి లైకా పేరున్నా ధర నేల మీదే ఉంటుంది. ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఫోకస్ తిప్పితే ముందు భాగమంతా తిరుగుతుంది, అపర్చర్ అంకెలు కిందికెళ్ళిపోతాయి. మీటరు కన్నా దగ్గరికి రాదు. ఎండ ఎదురుపడితే బొమ్మ తేలిపోతుంది, లెన్సు ముందు తొడిగే హుడ్ తప్పనిసరి. ఇది కుదరకపోతే కెనాన్ 100 ఎఫ్/3.5 చూడండి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే వోయిగ్ట్‌లాండర్ 75 ఎఫ్/2.5 కలర్-హెలియార్. బెస్సా-ఆర్‌లో 75కి ఫ్రేమ్‌లైన్ (ఫోటో హద్దుల్ని చూపే గీతలు) వేరేగా ఉంది, 90 గీతలకన్నా పెద్దది, కంటికి సుఖం.

ఏది కొన్నా టార్చ్ వేసి లోపల చూపించమని అమ్మేవాళ్ళని అడగండి. పొగమంచులాంటి పొర ఉంటే వద్దు, సాలెగూడులాంటి ఫంగస్ ఉంటే అసలు వద్దు. మా కోస్తా ఉక్కపోతకి ఒక్క వానాకాలంలో అది గాజంతా పాకుతుంది. ఇంటికి రాగానే ఫిల్మ్ పెట్టకముందే బాడీ వెనక మూత తీసి, ఫిల్మ్ నడిచే పట్టాల మీద ట్రేసింగ్ పేపర్ బిగువుగా అంటించి, షటర్ బి (నొక్కినంతసేపూ తెరుచుకుని ఉండే సెట్టింగ్) మీద తెరిచి, మీటరున్నరలో వెలిగించిన కొవ్వొత్తి పెట్టి భూతద్దంతో చూడండి. కిటికీలో బొమ్మలు కలిసినప్పుడు కాగితం మీద వత్తి కూడా స్పష్టంగా కనపడాలి. పావుగంట పని. ఆ పావుగంట నేను పెట్టలేదు.

పోయిన సంక్రాంతికి ఎల్మార్‌తో మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు ఆ మగ్గం మీద వాళ్ళ కోడలు కూర్చుంటోంది. అదే కిటికీ, ఎఫ్/4, 1600. రెప్ప వెంట్రుకలు, వేళ్ళ మధ్య జరీ పోగు, అన్నీ వచ్చాయి. ప్రింటు పట్టుకెళ్ళి ఇస్తే ఆవిడ చాలాసేపు చూసుకుంది. తర్వాత, "మామయ్యగారివి కూడా తీశారు కదండీ అప్పుడు, ఒకటి ఉంటే ఇవ్వరూ, గోడకి పెట్టుకుంటాం" అంది. నా దగ్గర ఇవ్వగలిగింది ఒక్కటీ లేదు.